నా పేరు తొడుక్కున్నామెకు

నువ్వెవరివో తెలీదు.
నీ బాకీల చిట్టా చదివాక మాత్రం
నీ సరదాలు కొంచెం తెలిశాయి.
గోడంత టీవీ, రెండు ఫోన్లు, ఒక కాఫీ మిషను.
ఇవన్నీ బొగుమీవా పెత్రాషాక్ కొన్నదట,
అంటే నేను.
ఊజ్ నగరంలో, లిఫ్టు లేని నాలుగో అంతస్తులో
సొట్టపడిన గిన్నెలో టీ కాచుకునే నేను.

వసూళ్ళ కంపెనీ ఉత్తరం శుక్రవారం వచ్చింది.
కవరు మీద నా పేరులో ఒక్క తప్పు లేదు.
మా ఆయనకి కూడా పెళ్ళయిన ఏడాది దాకా
అంత సరిగ్గా రాయడం రాలేదు.

తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు.
దొంగతనం చేసింది నువ్వు,
తల దించుకుని మెట్లు దిగింది నేను.

ముప్పై ఒక్కేళ్ళు మిల్లులో మగ్గాల దగ్గర నిలబడ్డాను.
ఆ మోతలో మాట వినపడదు, పెదాలు చూసి తెలుసుకోవాలి.
బట్టలో పోగు తప్పితే
తప్పు కనపడ్డ చోటే నిలబడిపోం.
వేలితో తడుముకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి,
నాడె తడబడిన చోటు దాకా వెళ్తాం.
పదో రోజున అలాగే బయల్దేరాను.

ఉత్తరం నుంచి మార్చి నెలకి.
మార్చి నుంచి స్టేషను పక్క హోటలు హాలుకి.
రక్తపోటు ఉచితంగా చూస్తారు,
వచ్చినవాళ్ళందరికీ ఉన్ని దుప్పటి ఊరికే.
ఎత్తు మడమల బూట్ల కుర్రాడొకడు
రెండు గంటలసేపు చుక్క నూనె లేకుండా అట్లు పోశాడు.
నా నాలుగు నెలల పింఛను ఆ గిన్నెల ధర.
నేను కొనలేదు, అది రాసి పెట్టుకో.
నవ్వుతూ లేచాను.
ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ నడిచాను.

తలుపు దగ్గర ఒక పిల్ల,
గోళ్ళకి లేత నీలం రంగు.
"దుప్పటి ముట్టినట్టు ఒక్క సంతకం, అమ్మమ్మా.
మీ కార్డిలా ఇస్తే నంబరు రాసుకుంటాను."
అమ్మమ్మా అంది.
నాకు మనవలు లేరు.
అదిగో, పోగు తప్పింది అక్కడ.

పోలీసు స్టేషన్లో అడిగారు,
మీరు మీరేనని రుజువేమిటని.
మళ్ళీ ఆ కార్డే తీశాను, ఇంకేం తీస్తాను?
జిరాక్సు తీసుకున్నాడు చిన్న ఆఫీసరు.
కాయితం నా వైపు తిప్పుకుని
దాని మీద అడ్డంగా రాశాను:
ఈ కేసుకి మాత్రమే. తేదీ.
అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

నా నంబరుకి ఇప్పుడు గొళ్ళెం ఉంది.
పురపాలక కార్యాలయంలో పావుగంట పని,
ఆ పావుగంట కోసం మార్చిలో తీరిక లేదు నాకు.
పార్సిళ్ళ మీది చిరునామా చీటీలు
చింపి, టీ పొడి పిప్పిలో కలిపి పారేస్తాను.
గొంతులు కూడా దొంగిలిస్తారట ఈ రోజుల్లో.
అందుకని గ్దీనియాలో ఉన్న చెల్లీ నేనూ ఒప్పందం చేసుకున్నాం:
ఫోన్లో ఎవరు ఏడుస్తూ డబ్బడిగినా
ముందు ఒకటే ప్రశ్న,
వరద వచ్చిన ఏడు అమ్మ ఏ చారు మాడ్చింది?
జవాబు ఇక్కడ రాయను.

రెండో అంతస్తు కునెగుండాకి చెప్పాను చివరికి.
ఏమీ అనలేదు. మంచం కింద నుంచి
ఒక అట్టపెట్టె కాలితో బయటికి లాగింది.
గిన్నెలు. టేపు కూడా విప్పలేదు.
ఇంకా పద్దెనిమిది వాయిదాలున్నాయట.
ఇద్దరం పెట్టె మీద కూర్చున్నాం.
వచ్చే మంగళవారం ఫిర్యాదుకి తనతో నేను వెళ్తున్నాను,
దారి తెలుసు కదా ఇప్పుడు.

నీకొక మాట చెప్పాలి,
ఆఫీసరుకి చెప్పనిది.
ఆ దుప్పటి ఉన్ని కాదు.
నా వేళ్ళకి ముట్టుకోగానే తెలిసింది, వట్టి నైలాను.
తెలిసే మడత పెట్టి చంకన పెట్టుకున్నాను,
ఊరికే వచ్చింది కదా అని.

కిటికీ సందులో కుక్కాను దాన్ని.
చలిగాలి ఇంకా కొంచెం వస్తూనే ఉంది.